ఆగిపోయిన మౌస్ వెనక అరవై ఏళ్లు

మెహదీపట్నంలో బయల్దేరిన చేవెళ్ల బస్సు లంగర్‌హౌజ్, అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్ మండలంలోకి వచ్చిందంటే ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు మొదలవుతాయి. అజీజ్‌నగర్ దగ్గర విద్యాజ్యోతి, ఎన్కేపల్లిలో జేబీ, చిలుకూరులో కేజీ రెడ్డి. అవతలి దిక్కున చేవెళ్ల నుంచి మర్రిచెట్ల నీడలో వచ్చే బస్సులు కూరగాయలు, పూలు పండించే ఊళ్ల పిల్లల్ని ఈ కాలేజీల దగ్గర దించుతాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్‌లో లినక్స్ ప్రోగ్రామింగ్ ఒక సబ్జెక్టుగా ఉన్న ఏళ్లలో, ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంతో తొలి పరిచయం ల్యాబులోనే అయ్యేది.

అలాంటి ల్యాబులో ఒక మధ్యాహ్నం మౌస్ ఆగిపోయిందనుకుందాం. బాణం తెర మధ్యలో నిలబడిపోయింది. "సార్, మౌస్ పనిచేస్తలేదు" అని ఒక గొంతు. "రీస్టార్ట్ కొట్టు" అని ఇంకో గొంతు. పిల్ల వేలు పవర్ బటన్ మీదికి పోతుంది. యంత్రం మళ్లీ లేస్తుంది, మౌస్ కదులుతుంది, అందరూ పనిలో పడతారు. ఎందుకు ఆగిందో మాత్రం ఎవరికీ తెలియదు. నాకు బాధ కలిగేది అక్కడే. ఎందుకంటే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకాలని, ఎక్కడ ఆగిందో ఎవరైనా చూడగలిగేలా ఉండాలని, ఎంతోమంది ఏళ్ల తరబడి పనిచేశారు.

మొయినాబాద్ దగ్గర ఉన్నాం కాబట్టి గండిపేట మాటే చెప్పుకుందాం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ జలాశయం నుంచి నీళ్లు కాలువ గుండా ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు, అక్కడి నుంచి పైపుల్లోకి, చివరికి నల్లాలోకి వస్తాయి. నల్లా ఆగిపోతే చెరువే ఎండిందని ఎవరూ అనుకోరు. వాల్వు చూస్తారు, పైపు చూస్తారు. చేతి కదలిక తెర మీద బాణంగా మారే దారి కూడా అంత పొడవైనదే. అందులో ప్రతి మజిలీకీ ఒక పుట్టుక కథ ఉంది.

మొదటి మజిలీ చెక్క ముక్క. కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా కోరుకునే పిల్లలు ఎందరో చేరాలని కలగనే ప్రాంతమది. అక్కడ పనిచేసే డగ్లస్ ఎంగెల్‌బార్ట్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళంలో రాడార్ టెక్నీషియన్. రాడార్ తెర మీద గుర్తులు చూసిన ఆ మనిషికి, మనుషులంతా తెర ముందు కూర్చుని ఆలోచనలు అటూ ఇటూ జరుపుకుంటూ పనిచేయాలన్న కల పట్టుకుంది. తెర మీద ఒక చోటు చూపించడానికి ఏది మేలు? కాంతి కలం, జాయ్‌స్టిక్, బల్ల కింద మోకాలితో కదిపే పరికరం కూడా పోటీలో ఉన్నాయి. ఎంగెల్‌బార్ట్ గీసిన ఆలోచనను 1964లో బిల్ ఇంగ్లిష్ అనే ఇంజనీరు చెక్క డబ్బాగా తయారుచేశాడు. అడుగున ఒకదానికొకటి అడ్డంగా రెండు చక్రాలు, పైన ఒకే బటన్. అలవాటుపడిన వాళ్ల చేతుల్లో దానిదే పైచేయి అయింది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో తొంభై నిమిషాల ప్రదర్శనలో లోకం దాన్ని చూసింది. పేటెంటు 1970లో వచ్చింది. ఇళ్లలోకి మౌసులు వెల్లువెత్తేనాటికి, 1987లో, దాని గడువు తీరిపోయింది. ఎంగెల్‌బార్ట్‌కు రాయల్టీ రాలేదు.

చక్రాలు పోయి బంతి వచ్చింది, బంతి పోయి వెలుగు వచ్చింది. 1999లో మైక్రోసాఫ్ట్ అమ్మిన ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్‌తో బంతి లేని మౌస్ సామాన్యుడి బల్ల మీదికి చేరింది. దాని అడుగున ఉన్న చిన్న కెమెరా సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీస్తుంది, ఒక ఫొటోకూ మరో ఫొటోకూ తేడా చూసి ఎంత జరిగిందో లెక్కగడుతుంది. అందుకే అద్దం పరిచిన బల్ల మీద మౌస్ తికమకపడుతుంది. తేడా కనబడటానికి అక్కడ గరుకుతనం ఉండదు. లినక్స్ తప్పేమో అని గంటసేపు వెతికే ముందు కింద ఒక కాగితం పెట్టి చూడటం మంచిది. బ్యాటరీ, అడుగున ఉండే చిన్న స్విచ్ కూడా అంతే.

ఇక తీగ. తీగ గుండా ఏం వెళ్తుంది అన్నదగ్గరే లినక్స్ కథ మొదలవుతుంది.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ ప్రకటించినప్పుడు సీరియల్ మౌసుల కాలం నడుస్తోంది. ఒక్కో కంపెనీ మౌస్ ఒక్కో పద్ధతిలో సమాచారం పంపేది. మైక్రోసాఫ్ట్‌ది ఒకటి, మౌస్ సిస్టమ్స్‌ది ఒకటి, లాజిటెక్‌ది మరొకటి. లినక్స్‌లో బొమ్మల తెర చూపించే ఎక్స్ సర్వర్‌ను అమర్చేటప్పుడు మీ మౌస్ ఏ రకం, ఏ పోర్టులో ఉంది అని అడిగేది. జవాబు తప్పితే బాణం కదలదు, లేదా పిచ్చిపట్టినట్టు ఎగురుతుంది. ఇంకో చిక్కు కూడా ఉండేది. నల్లని అక్షరాల తెర మీద మౌస్‌తో మాటలు ఎంచుకుని అతికించడానికి జీపీఎం అనే ప్రోగ్రాం ఉండేది. ఇటలీకి చెందిన అలెస్సాండ్రో రూబినీ దాన్ని చాలాకాలం పెంచి పోషించాడు. జీపీఎం, ఎక్స్ సర్వర్ రెండూ ఒకే మౌస్ తలుపు దగ్గర నిలబడి వచ్చిన బైట్లను చెరి కొన్ని లాక్కుంటే ఇద్దరికీ అర్థంకాని ముక్కలే మిగిలేవి. దానికి విరుగుడుగా జీపీఎం తాను చదివింది మళ్లీ ఎక్స్‌కు అందించే ఏర్పాటు పెట్టారు. నడిచింది, కానీ అది కట్టు కట్టిన కాలుతో నడక.

1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2 పోర్టు సంగతి కాసేపు నిలబడి చూడదగ్గది. పాత ల్యాబ్ కంప్యూటర్ల వెనక ఆకుపచ్చ రంగు గుండ్రటి రంధ్రం అదే. చాలా ల్యాప్‌టాప్‌ల టచ్‌ప్యాడ్ లోపల్లోపల ఆ పద్ధతిలోనే మాట్లాడింది. పీఎస్/2 మౌస్ కదిలినప్పుడల్లా మూడు బైట్లు పంపుతుంది: బటన్లు, అడ్డం ఎంత, నిలువు ఎంత. తర్వాత మధ్యలో తిరిగే చక్రం వచ్చింది, దానికి నాలుగో బైటు కావాలి. పాత కంప్యూటర్లకు ఈ నాలుగో బైటు అర్థం కాదు కదా? అందుకని ఒక రహస్య తలుపు తట్టుడు కనిపెట్టారు. కంప్యూటర్ మౌస్‌కు వరసగా మూడు వేగాలు చెప్పాలి: సెకనుకు 200, తర్వాత 100, తర్వాత 80. ఏ కంప్యూటరూ మామూలుగా ఇలా అడగదు. ఈ వరస వినగానే చక్రమున్న మౌస్ తన గుర్తింపు సంఖ్యను 3కు మార్చుకుని, అప్పటినుంచి నాలుగు బైట్లు పంపుతుంది.

ఇప్పుడు తీగ వదులై ఒక బైటు దారిలోనే పోయిందనుకోండి. మౌస్ నాలుగు పంపింది, చేరినవి మూడే. లినక్స్ ఇంకా నాలుగు అనుకునే లెక్కబెడుతుంది. అప్పుడు అడ్డం కొలత బటన్ నొక్కుడుగా, బటన్ నిలువు కొలతగా మారిపోయి బాణం మూలకు పరుగెత్తి అక్కడే అతుక్కుంటుంది. మొదటి బైటులో నాలుగో బిట్టు ఎప్పుడూ 1 ఉండాలన్న నియమం ఉంది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో పీఎస్‌మౌస్ అనే భాగం దాన్ని పట్టుకునే తేడా గమనిస్తుంది. కెర్నెల్ తన మాటలు రాసుకునే చోట "సింక్ తప్పింది, ఇన్ని బైట్లు పారేస్తున్నాను" అన్న అర్థంలో ఒక వాక్యం కనబడుతుంది. డీమెసెజ్ అనే ఆజ్ఞ ఇస్తే చాలు. ఆ వాక్యం చదివిన మనిషి యంత్రాన్ని ఆపక్కర్లేదు. మోడ్‌ప్రోబ్ ఆజ్ఞతో పీఎస్‌మౌస్‌ను ఒకసారి తీసి మళ్లీ పెడితే 200, 100, 80 తలుపు తట్టుడు మళ్లీ జరుగుతుంది, ఇద్దరూ ఒకే లెక్కలో పడతారు. మౌస్ ఆగిపోవడం అనే విషయంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. తప్పు ఎక్కడుందో, ఎందుకొచ్చిందో, ఎలా పోయిందో మూడూ కళ్లముందే కనిపిస్తాయి.

పది రకాల మౌసుల గొడవ తీర్చినవాడు చెక్ దేశపు వొయ్‌టెక్ పావ్లిక్. మొదట జాయ్‌స్టిక్ డ్రైవర్లు చూసుకునేవాడు. 1999 ప్రాంతంలో మౌస్, కీబోర్డ్, జాయ్‌స్టిక్ అన్నిటికీ కలిపి కెర్నెల్‌లో ఒకే ఇన్‌పుట్ వ్యవస్థ రాశాడు. ఏ కంపెనీ మౌస్ అయినా, ఏ తీగ గుండా వచ్చినా, కెర్నెల్ దాన్ని ఒకే రకం వాక్యంగా మారుస్తుంది: ఈ క్షణాన, అడ్డంగా ఇంత కదిలింది, ఈ క్షణాన, ఎడమ బటన్ నొక్కారు. ఈ వాక్యాలు డెవ్ అనే ఫోల్డర్లోని ఇన్‌పుట్ అనే చోట ఈవెంట్ ఫైళ్లుగా కనబడతాయి. ఎంతమంది చదివితే అంతమందికీ ఎవరి ప్రతి వాళ్లకు అందుతుంది కాబట్టి జీపీఎం, ఎక్స్ పెనుగులాట తీరిపోయింది. ఆ వాక్యాలను మనిషి చదవగలిగేలా చూపే ఈవీటెస్ట్ అనే చిన్న సాధనం కూడా పావ్లిక్ రాసిందే. ఆ కాలపు ఫైళ్ల తలమీద, సందేహం ఉంటే ఈమెయిల్ చేయండి, లేదా కాగితం మీద ఉత్తరం రాయండి అంటూ ప్రాగ్‌లోని తన ఇంటి చిరునామా రాసిపెట్టాడు. కోట్ల యంత్రాల్లో నడిచే కోడ్ మీద ఒక మనిషి తన గుమ్మం గుర్తు చెప్పి ఉంచడం నన్ను కదిలిస్తుంది.

ఈవీటెస్ట్ నడిపి మౌస్ జరిపితే వాక్యాలు ప్రవహిస్తున్నాయంటే, మౌస్, తీగ, కెర్నెల్ అన్నీ బాగున్నట్టే. తప్పు పైన, తెర చూపించే డెస్క్‌టాప్‌లో ఉంది. వాక్యాలు రావడం లేదంటే తప్పు కిందే ఉంది. వెతకాల్సిన దారి ఒక్కసారిగా సగమైపోతుంది. మౌస్ లేకుండా ఇదంతా ఎలా టైపు చేయాలంటారా? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే చాలా లినక్స్‌లలో అక్షరాల తెర వస్తుంది, దానికి మౌస్ అక్కర్లేదు.

యూఎస్‌బీ 1996లో వచ్చింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడు ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్, గుజరాత్‌లోని వడోదరలో చదువుకున్నవాడు. లినక్స్‌లో దానికి కావలసిన కోడ్ తొలి రూపాన్ని 1999లో టోర్వాల్డ్స్ స్వయంగా రాశాడు, ఆ పేరూ ఏడాదీ ఫైళ్లలో ఉన్నాయి. యూఎస్‌బీ మౌస్ తనంతట తాను మాట్లాడదు. కంప్యూటరే సాధారణంగా సెకనుకు 125 సార్లు "ఏమైనా ఉందా?" అని అడుగుతుంది. ఉంటే చెబుతుంది. గుచ్చగానే నేను ఫలానా అని పరిచయం చేసుకుంటుంది కూడా. ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆజ్ఞ ఆ పరిచయాల జాబితా. అందులో మౌస్ పేరే లేకపోతే పోర్టు మార్చాలి, తీగ చూడాలి. డీమెసెజ్‌లో మైనస్ 71 అనే తప్పు సంఖ్య మళ్లీమళ్లీ వస్తుంటే పరిచయ వాక్యం సగంలో చెడుతోందని అర్థం. మెడ దగ్గర నలిగిన తీగ, మట్టి పట్టిన పోర్టు చాలాసార్లు కారణం.

అందరినీ ఎక్కువగా తికమకపెట్టే ఆగుడు మాత్రం ఇంకొకటి. మౌస్ రెండు సెకన్లు ముట్టుకోకపోతే చాలు, దీపం ఆరిపోతుంది. జరిపితే లేవదు. బటన్ నొక్కితే లేస్తుంది. మళ్లీ రెండు సెకన్లకు అదే కథ. పాడైందని కొత్త మౌస్ కొంటారు, కొత్తదీ అలాగే చేస్తుంది.

దీని పుట్టుక బ్యాటరీలో ఉంది. ల్యాప్‌టాప్‌లు పెరిగిన కాలంలో, వాడని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చితే కరెంటు మిగులుతుందని అలన్ స్టెర్న్ అనే కెర్నెల్ డెవలపర్ ఆటోసస్పెండ్ ఏర్పాటును తీర్చిదిద్దాడు. నిద్రకు ముందు ఎదురుచూసే సమయం మామూలుగా రెండు సెకన్లు. నిద్రపోయిన పరికరాలు అన్నీ సరిగ్గా లేవవని కెర్నెల్ డెవలపర్లకు తెలుసు. కొన్ని మౌసులు బటన్ నొక్కితేనే లేస్తాయి, కదిపితే లేవవు. అందుకే కెర్నెల్ తనంతట తాను హబ్‌లను తప్ప వేటినీ నిద్రపుచ్చదని డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టారు. ఎంత ముందుచూపు!

2007లో ఇంటెల్ నుంచి పవర్‌టాప్ అనే సాధనం వచ్చింది. బ్యాటరీ ఎవరు తింటున్నారో చూపించే మంచి పనిముట్టు అది. తర్వాత అందులో ఆటోట్యూన్ అనే సదుపాయం చేరింది. ఒక్క ఆజ్ఞతో పొదుపు మీటలన్నీ మంచి వైపుకు తిప్పుతుంది, మౌస్ నిద్ర మీటతో సహా. బ్యాటరీ ఎక్కువ రావాలని ఎవరో చెప్పిన చిట్కా పాటించిన విద్యార్థికి మర్నాడు మౌస్ ఆగిపోతే, ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎలా తోస్తుంది? మందు తెలిస్తే ఒక్క వాక్యం. సిస్ ఫోల్డర్లో ఆ మౌస్ కింద పవర్, దాని కింద కంట్రోల్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఆటో అని ఉన్నచోట ఆన్ అని రాయాలి. రీస్టార్ట్ చేసినా నిలవాలంటే, పరికరాల నియమాలు చూసుకునే యూడెవ్‌లో ఒక నియమంగా రాసుకోవాలి. ఒకరు కరెంటు మిగల్చాలనుకున్నారు, ఒకరు ముందుజాగ్రత్త పడ్డారు, ఇంకొకరు ఆ జాగ్రత్తను దాటించే సులువు మీట ఇచ్చారు. ముగ్గురూ మంచికే చేశారు.

తీగ లేని మౌస్‌కు మరో శత్రువు పక్కనే ఉంటుంది. నీలి రంగు యూఎస్‌బీ 3 పోర్టులో పెన్‌డ్రైవ్ నడుస్తున్నప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుందని 2012లో ఇంటెల్ సంస్థే ఒక పత్రంలో రాసింది. మౌస్ రిసీవర్ పనిచేసేదీ అక్కడే. ఫైళ్లు కాపీ అయ్యేటప్పుడే మౌస్ తడబడుతుంటే రిసీవర్‌ను అవతలి వైపు పోర్టులో పెట్టడమే వైద్యం. ఆ రిసీవర్ల విషయంలో ఇంకో మంచి ముచ్చట ఉంది. ఒకే రిసీవర్‌తో ఆరు పరికరాలు కలిసే లాజిటెక్ పద్ధతి 2009లో వచ్చినప్పుడు లినక్స్‌కు లోపల ఎవరున్నారో తెలిసేది కాదు. 2011లో లాజిటెక్ ఇంజనీరు నెస్టర్ లోపెజ్ కసాడో, కెర్నెల్ డెవలపర్ బెంజమిన్ తిస్వార్ సాయంతో దానికి డ్రైవర్ రాసి అందరికీ ఇచ్చాడు. కంపెనీ తలుపు తెరిస్తే పని ఎంత తేలికో అది చూపించింది.

కీబోర్డ్ కూడా పలకకపోతే? క్యాప్స్‌లాక్ నొక్కి దీపం వెలుగుతుందో లేదో చూడాలి. అదీ వెలగకపోతే కెర్నెలే ఇరుక్కుని ఉండొచ్చు. అప్పుడైనా పవర్ బటన్ కన్నా మెరుగైన దారి ఉంది. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ నొక్కి పట్టుకుని ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ అక్షరాలు నెమ్మదిగా ఒకటొకటే నొక్కితే ప్రోగ్రాములు మూసి, డిస్కులోకి రాయాల్సింది రాసి, ఆపై రీస్టార్ట్ అవుతుంది. కొన్ని లినక్స్‌లలో వీటిలో కొన్నింటికే అనుమతి ఉంటుంది. ఎస్ ఒక్కటి పనిచేసినా అప్పటికే సేవ్ చేసుకున్న ప్రోగ్రాం దక్కుతుంది.

ఇవన్నీ చెప్పేవాళ్లు మన దగ్గర ఉన్నారు. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం, డెబియన్ అనే లినక్స్ రకం ఆధారంగా తెలుగులో మాట్లాడే లినక్స్ తయారుచేసింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలు కట్టి, వేసవి శిబిరాలు నడిపింది. స్వేచ్ఛ ఇచ్చిన అసలు కానుక, నా దృష్టిలో, తెలుగు మెనూల కన్నా పెద్దది. లోపల చూడొచ్చు, చూసే హక్కు మీకుంది అన్న ధైర్యం అది. చేవెళ్ల నుంచి వచ్చే పిల్లకు అమెరికా పిల్లకన్నా తక్కువ కోడ్ కనబడదు. ఇద్దరికీ అదే ఫైలు, అదే వాక్యం.

ఇక చివరి మజిలీ. ఇవాళ చాలా లినక్స్‌లలో కెర్నెల్ వాక్యాలు చదివి బాణం ఎంత వేగంగా జరగాలో, ఏది క్లిక్కో నిర్ణయించేది లిబ్‌ఇన్‌పుట్. యోనాస్ ఆడాల్ మొదలుపెట్టగా, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉండే పీటర్ హటరర్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. 1.0 వెర్షన్ 2015లో వచ్చింది. మౌసులు వేలాది రకాలు. బ్రిస్బేన్‌లో కూర్చుని అన్నీ కొనలేరు కదా? అందుకని లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్ అనే ఆజ్ఞ పెట్టారు. మీ మౌస్ వింతగా ప్రవర్తిస్తున్నప్పుడు దాన్ని నడిపితే, పావ్లిక్ రూపొందించిన ఆ వాక్యాలన్నీ కాలంతో సహా ఒక మామూలు అక్షరాల ఫైలులోకి చేరతాయి. కీబోర్డ్ మీద టైపు చేసినవి పైకి కనబడకుండా మరుగుపరుస్తుంది కూడా. ఆ ఫైలు పంపితే అవతలి మనిషి తన కంప్యూటర్లో దాన్ని మళ్లీ ఆడించుకుంటాడు. మొయినాబాద్ ల్యాబులో ఒక చెయ్యి జరిపిన మౌస్, అదే తడబాటుతో, బ్రిస్బేన్‌లోని తెర మీద కదులుతుంది. తప్పు ఆ ఒక్క రకం మౌస్‌దే అయితే లిబ్‌ఇన్‌పుట్‌లో అలాంటి పరికరాల కోసం ఉంచిన జాబితాలో దాని పేరు మీద రెండు మూడు వరుసలు చేరుతాయి. వచ్చే వెర్షన్ నుంచి అదే మౌస్ కొన్నవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, ఈ తడబాటు ఒకప్పుడు ఉండేదని తెలియకుండానే వాడుకుంటారు.